నల్లమ్మ తోమిన గంట

నల్లమ్మ చేతికి చిక్కిన వస్తువు మెరవకుండా బయటపడదు. ఊడ్చడానికీ తుడవడానికీ ఆమెను మా వర్క్‌షాపులో పెట్టుకున్నారు. చేరిన కొద్ది రోజులకే కిటికీ ఊచలు, కుళాయి, తలుపు గొళ్లెం, చివరికి యజమాని నారాయణస్వామి అన్న కూర్చునే ఇనుప కుర్చీ కాళ్లు కూడా మొహం చూసుకునేలా తయారయ్యాయి. అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం పళ్లు నూరుకున్నాను. నా పని లేజర్‌తో. లేజర్‌కూ మెరుపుకూ పాముకూ ముంగిసకూ ఉన్నంత స్నేహం.

మాది బుక్కరాయసముద్రం దాటాక రోడ్డు పక్కన ఉండే చిన్న షెడ్డు. విడిభాగాలు దొరకని పాత మోటార్లకు, శనక్కాయలు ఒలిచే మిషన్లకు మేం కొత్త భాగాలు చేసిస్తాం. అరిగిన ముక్క తెస్తే దాన్ని బల్ల మీద పెట్టి, చేతి స్కానర్‌తో దాని చుట్టూ లేజర్ గీతలు పారిస్తాను. ఆ గీతలు ముక్క మీద పడి ఎలా వంగుతున్నాయో స్కానర్‌లో ఉన్న కెమెరాలు చూస్తాయి. చూసిన రూపాన్ని కంప్యూటర్‌లో చుక్క చుక్కగా కడతాయి. వెంట్రుకంత తేడా వస్తే ముక్క మోటారులో కూర్చోదు. బల్ల అద్దంలా ఉంటే గీత దాని మీద పడి ఎగిరి ఇంకెక్కడో తేలుతుంది. కంప్యూటర్ దాన్నీ నిజమేననుకుని లేని గోడలు కట్టేస్తుంది.

అందుకని నా స్టీలు బల్ల మసకగా ఉండాలి. నల్లమ్మకు అది మింగుడుపడదు. నేను రాకముందే బూడిదతో రుద్ది, పాత చీర ముక్కతో తుడిచి, అద్దం చేసి పెడుతుంది.

“బల్ల జోలికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?” అని అరిచేదాన్ని.

“మురికి బల్ల మీద పనెట్ల చేస్తావు పాపా? శెట్టిగారింటి పిల్లవి. మీ అమ్మ ఇట్లనే నేర్పించిందా?” అనేది ఆమె, చీపురు ఆపకుండా.

మా అమ్మ దాకా వెళ్తే నాకు తిక్క రేగుతుంది. “అనుపమమ్మా, పెద్దామెతో ఏం పోట్లాడతావు” అంటూ నారాయణస్వామి అన్న మధ్యలోకి వస్తాడు. ఆయన మీద కూడా ఒక కసురు కసిరి పనిలో పడతాను. సాయంత్రం మళ్లీ ఆమె తెచ్చిన ఉడకబెట్టిన శనక్కాయలు నేనే తింటాను. మా ఇద్దరి సంసారం అట్లా సాగేది.

ఆమె పుట్టింది బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో. ఆ ఊళ్లో నీళ్లు తాగడానికే చాలేవి కావు, గిన్నెలకు ఎవరు పోస్తారు? బూడిదతో తోమి, పొడి గుడ్డతో తుడవడమే. “నీళ్లతో ఎవురైనా కడుగుతారు. నీళ్లు ల్యాకుండా కడిగేదే కడిగేది” అని ఆమెకు గొప్ప. అలాంటి పిల్లను ఇటువైపు ఊళ్లో గొర్రెలు కాసే తిమ్మన్నకిచ్చి చేశారు. అత్తగారింట్లో అడుగు పెట్టిన రోజే అత్త ఆమె చేతికి ఒక కంచు గంట ఇచ్చిందట. మంద ముందు నడిచే పొట్టేలు మెడలోది. ప్రతి సోమవారం దాన్ని విప్పి, చింతపండుతో, ఇటుక పొడితో తోమి మళ్లీ కట్టడం ఆ ఇంటి కోడలి పని. కోడలు తోమిన గంట వెనక మంద చెదరదని వాళ్ల నమ్మకం. నల్లమ్మ సోమవారం కోసం ఆగలేదు. చెయ్యి దురద పెట్టినప్పుడల్లా తోమింది. ఊళ్లో అందరూ “నల్లమ్మ గంటను ఎండలో చూస్తే కళ్లు పోతాయప్పా” అనేవాళ్లట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వు చూడాలి, బుగ్గలు చెవుల దాకా పోతాయి.

కళ్లు నిజంగానే పోయాయి, గంట వల్ల కాదు. నడివయసు దాటాక తిమ్మన్నకు చూపు మందగించింది. నరాలు ఎండిపోయాయి, ఆపరేషన్‌తో వచ్చే చూపు కాదు అని డాక్టర్లు తేల్చేశారు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. అయినా ఆయన మందను వదల్లేదు. ఆ గుట్టలు, ఆ బీళ్లు కాళ్లకు తెలుసు. పొట్టేలు ఎక్కడుందో గంట చెబుతుంది. పొట్టేలు ఎక్కడుంటే మంద అక్కడ. గంట వెనక నడిచి, గంట వెనక ఇల్లు చేరేవాడు.

పోయిన ఎండాకాలం ఆ పొట్టేలు పెద్ద గుండు రాయి మీద నుంచి జారి పడింది. పొట్టేలుకు ఏమీ కాలేదు, గంట పగిలింది. కొడితే పెంకు మోగినట్టు మోగేది. అనంతపురం నుంచి కొత్త గంటలు తెచ్చి కట్టి చూశారు. గొర్రెలు తలెత్తి కూడా చూడలేదు. మంద ఒక దిక్కు, తిమ్మన్న ఒక దిక్కు. ఒకరోజు ఆయన వాగు వంకలో పడి మోకాలు చీరుకుపోతే, ఎవరో ట్రాక్టరు వాళ్లు చూసి ఇంటికి చేర్చారు. ఇక మందను అమ్మేయమని చుట్టాలు మొదలుపెట్టారు.

అన్నాళ్లూ నాతో పోట్లాడిన నల్లమ్మ ఆ వారం నోరెత్తలేదు. బల్ల కూడా తుడవలేదు. దుమ్ము పట్టిన బల్లను చూసి నాకే భయమేసి అడిగాను.

“గొర్రెలమ్మితే మా ఆయప్ప మంచమెక్కుతాడు పాపా. మంచమెక్కినోడు మళ్ల దిగడు. నాకు తెల్సు” అంది.

గుత్తిలో కంచరి పని చేసే ఓబిలేష్ దగ్గరికి ఆమె అప్పటికే పోయి వచ్చింది. అదే కంచు కరిగించి పోస్తే పాత గొంతుకు దగ్గరగా మోగుతుందని ఆయన చెప్పాడు. కానీ పాత గంటనే మట్టిలో అద్ది అచ్చు తీస్తే, పోత చల్లారేటప్పుడు కుంచించుకుపోయి గంట చిన్నదవుతుంది, గొంతు సన్నబడుతుంది. లోపలా బయటా సరైన కొలతతో, ఆ కుంచించుకుపోయే మేర పెద్దదిగా, ఒక నమూనా కావాలి. ఒక్కసారి పాత గంట మూసలో కరిగిందంటే మళ్లీ కొలుచుకోవడానికి ఏమీ మిగలదు. ఈ కొలత సరిపోతేనే తిమ్మన్న మందతో నడుస్తాడు.

“నీ ఎర్ర గీతల మిషన్‌తో చేసేకి అయితాదా?” అని అడిగింది.

“అయితాది. ఆదివారం తీసుకురా” అన్నాను.

నారాయణస్వామి అన్నను అడిగితే, “ఆదివారం మిషన్ ఖాళీగానే ఉంటాది, చేసుకోండి. నన్ను మాత్రం పిలవొద్దండి” అన్నాడు. ఆదివారం అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది ఆయనే.

నల్లమ్మ గుడ్డ విప్పి గంటను బల్ల మీద పెట్టింది. నేను తల పట్టుకున్నాను. ఆఫీసరు దగ్గరికి పోయేవాళ్లు తలంటుకుని పోయినట్టు, స్కానింగుకు పోతున్నది కదా అని గంటను తెల్లవారుతూనే తోమి తోమి తెచ్చింది. పగులు తప్ప మిగతాదంతా బంగారంలా ఉంది. బల్లకు కూడా ఆరోజు పాత భోగం పట్టింది.

సరే, చూద్దామని స్కానర్ తిప్పాను. తెర మీద గంట వచ్చింది, ఒళ్లంతా బొక్కలు. మెరిసేచోట గీత పక్కకు ఎగిరిపోయి కెమెరాకు కనపడనే లేదు. పైగా ఆ గంట కింద, బల్ల లోపల, తలకిందులుగా ఇంకో గంట.

నల్లమ్మ తెర వైపు వంగి చూసింది. “రెండు ఉండాయి కదా పాపా. నీకు ఏది నచ్చితే అది తీసుకో.”

“ఒకటి నీ గంట. రెండోది నీ బల్ల చేసిన దయ్యం” అన్నాను. నారాయణస్వామి అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

బల్ల మీద మెరవనిది ఏదైనా పరవాలి. మా దగ్గరున్న నల్ల గుడ్డ పట్టులా నిగనిగలాడుతోంది, పనికిరాదు. అప్పుడు నాకు తట్టి, “మీ ఆయప్ప కంబళి తెచ్చియ్యి” అన్నాను. నల్ల గొర్రె బొచ్చు కంబళి, ఎంత వెలుగు పడినా తాగేస్తుంది. నారాయణస్వామి అన్న స్కూటర్ మీద పోయి తెచ్చాడు. దాన్ని బల్ల మీద పరిచి, బొచ్చు తగలకుండా మధ్యలో చెక్క దిమ్మ పెట్టి, దాని మీద గంట నిలిపాను. తలకిందుల దయ్యం పోయింది. ఇక మిగిలింది గంట మెరుపు.

దానికి ఒక స్ప్రే ఉంది. తెల్లటి పొడి, మంచులా పల్చగా కూర్చుని మెరుపును చంపేస్తుంది. డబ్బా చేతిలోకి తీసుకుంటే నల్లమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“దానికి మసి పూస్తావా?”

“మసి కాదు. పొడి. తర్వాత తుడిస్తే పోతాది.”

“ఈ గంట మసకగా ఉన్నింది ఒక్కసారే పాపా, మా అత్త పోయిన పదకొండు దినాలు. మళ్ల ఇప్పుడా? ఆయప్ప బతికుండంగా?” అంది. తర్వాత తనే, “విభూతి పూస్తే కాదా? అదన్నా దేవునిది” అంది.

విభూతి గరుకుగా, మందంగా కూర్చుంటుందని, ఆ మందం కూడా గంటదేనని కంప్యూటర్ లెక్కేస్తుందని చెప్పాను. ఆమె నా చెయ్యి వదిలి, గోడ వైపు తిరిగి నిలబడింది. “చల్లు. నేను చూడను” అంది.

చల్లాను. సగం స్కాన్ అయ్యింది, బ్రహ్మాండంగా వస్తోంది. ఇంతలో అమ్మ ఫోన్. రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి నల్లమ్మ గంట దగ్గర ఉంది. ఒక పక్క పొడి మీద ఎవరి వేలో తగిలి మరక పడినట్టుందట. ఆ మరకను చీర కొంగుతో తుడిచేసింది. మరకతో పాటు పొడి పోయింది, స్కానర్ దారి తప్పకుండా నేను అంటించిన గుర్తుల చుక్కలు పోయాయి, తుడిచినచోట గంట తళతళా మెరుస్తోంది.

“నీకేమైనా పిచ్చా? చేతులు కట్టేసుకుని కూర్చోలేవా?” షెడ్డు ఎగిరిపోయేలా అరిచాను. అరవడంలో నాకు మొహమాటం లేదు.

“చెయ్యి ఊరుకోలేదు పాపా” అంది, దొంగతనం చేసి దొరికినట్టు. “నాకు తెలీకుండానే పోయింది.”

డబ్బాలో అడుగున కొద్దిగానే ఉంది. కొత్త డబ్బా బెంగళూరు నుంచి రావాలి. ఓబిలేష్ కొలిమి మర్నాడే వెలిగిస్తాడు. మిగిలింది ఊపిరి బిగబట్టి చల్లాను. చాలింది. నల్లమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని నిలబడింది. గంటను బోర్లించి బయటంతా, నోరు పైకి పెట్టి లోపలంతా తీసి రెండింటినీ కలిపాను. తెర మీద పగులుతో సహా గంట నిలబడింది. ఎక్కడా బొక్క లేదు.

పగులు పూడ్చే ముందు గంట గోడ మందం చూద్దామని తెర మీద రంగులు పెట్టాను. మందంగా ఉన్నచోట ఎరుపు, పల్చబడినచోట నీలం. అంచు చుట్టూ ఎర్రగా ఉంది. ఒక్కచోట మాత్రం కోలగా, లోతుగా, నీలం మచ్చ. పోతలో వచ్చిన లోపమేమో అనుకున్నాను. మళ్లీ అనుమానం వచ్చింది.

“నల్లమ్మా, గంట ఎట్ల పట్టుకుని తోముతావో చూపించు.”

ఎడమ చేత్తో గంట మెడ పట్టుకుని, కుడి బొటనవేలు అంచు మీద ఆనించింది. ఆ వేలు సరిగ్గా నీలం మచ్చ ఉన్నచోట పడింది. పెళ్లైన నాటి నుంచి అదే చోట, అదే వేలు. కంచునే అరగదీసింది. ఆ మచ్చను చూస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మొండి ముసలామె అంటే నాకు ఎంత ఇష్టమో ఆ నిమిషంలో తెలిసింది.

ఆమెకు వేరేది తెలిసింది. పగులు ఆ నీలం మచ్చలోనే మొదలైంది. ఆమె తెర మీద వేలు పెట్టి ఆ గీత వెంట పోయింది.

“ఈడ పల్చగైందా? నేను తోమేదాని వల్లనేనా?”

అబద్ధం నాకు చేతకాదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. “గుండు మీద నుంచి పడితే ఏ గంటైనా పగులుతాది” అన్నాను.

“నేనే పగలగొట్టినా” అంది నల్లమ్మ. “ఆయప్పకు ఉండేది ఆ గంటే. దాన్ని నేనే తోమి తోమి పగలగొట్టినా.” నేల మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను.

నారాయణస్వామి అన్న గొంతు సవరించుకున్నాడు. “ఆ పల్చటి చోటు పూడ్చేయి అనుపమమ్మా. అంచంతా ఒకే మందం చేస్తే గట్టిగా ఉంటాది.”

“అవును, పూడ్చెయ్యి పాపా. నా వేలు తీసెయ్యి” అంది నల్లమ్మ కింద నుంచే.

ఆయన చెప్పింది తప్పేమీ కాదు. గట్టి గంట కావాలంటే అదే దారి. కానీ గొర్రెలకు గట్టి గంటతో పనేముంది? అవి పుట్టినప్పటి నుంచి విన్నది ఈ అరిగిన గంట గొంతే. అత్తగారిచ్చిన నాటి గంటను అవి ఎన్నడూ వినలేదు.

“తీయను” అన్నాను. “నీ వేలు తీసేస్తే ఒక్క గొర్రె రాదు. పగులు పూడుస్తా, అంతే. ఇంకెవరూ మాట్లాడొద్దండి.” ఎవరూ మాట్లాడలేదు. అరిచేవాళ్లకు అదొక లాభం.

కుంచించుకుపోయే మేర పెంచి, నమూనాను ప్లాస్టిక్‌లో ప్రింటు తీసి మర్నాడు గుత్తికి తీసుకుపోయాం. మూసలో వేసే ముందు గంట మీది తెల్ల పొడి తుడవాలని నల్లమ్మ పట్టుబట్టింది. “కరిగేదానికి సోకెందుకమ్మా?” అన్నాడు ఓబిలేష్. ఆమె వినలేదు. గుమ్మంలో కూర్చుని, గట్టిగా రుద్దకుండా, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచింది. తనే లోపలికి పోయి ఆయన చేతిలో పెట్టింది. అది కరిగేంతవరకూ పక్కనే నిలబడింది.

రెండు రోజుల తర్వాత గంట వచ్చింది. నల్లగా, మొరటుగా ఉంది. తోమొద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్ల ఊరి బీట్లోకి నేనూ పోయాను. తిమ్మన్నను అదే మొదటిసారి చూడడం. నల్లమ్మ ఒక కట్టె ఒక కొస పట్టుకుని ముందు నడుస్తోంది, రెండో కొస పట్టుకుని ఆయన వెనక వస్తున్నాడు. వంకలో పడ్డ నాటి నుంచి ఇల్లు దాటితే ఇట్లాగేనట. మనిషి పొడుగు, భుజాలు ఇంకా వంగలేదు. అలాంటి మనిషి కట్టె కొస పట్టుకుని అడుగులో అడుగు వేస్తుంటే చూడలేకపోయాను.

నల్లమ్మ గంట ఆయన చేతిలో పెట్టింది. వేళ్లతో అంచంతా తడిమాడు. ఒకచోట ఆగాడు.

“ఈడ నీ వేలు ఉండాది మే” అన్నాడు.

“నీకు తెల్సా?”

“నేను రోజూ కట్టేవాణ్ని, నాకు తెల్దా?”

ఆయనే వంగి, తడుముకుంటూ పొట్టేలు మెడకు గంట కట్టాడు, వీపు మీద ఒకటి చరిచాడు. పొట్టేలు కదిలింది. గంట మోగింది.

మేత మేస్తున్న ముసలి గొర్రె ఒకటి తలెత్తింది. దాని వెనక ఇంకోటి. పగిలిన తర్వాత పుట్టిన పిల్లలకు ఏమీ తెలియదు, తల్లుల వెనక పడ్డాయి. చెదిరిన మందంతా తాడుతో లాగినట్టు పొట్టేలు వెనక చేరింది. తిమ్మన్న తల ఒక పక్కకు వాల్చి విన్నాడు.

“గొంతు కొంచెం పడుచుగా ఉండాది” అన్నాడు. “అయినా అదే గంట.”

కట్టె కొస వదిలేశాడు. నల్లమ్మను ఏమీ అడగకుండా, నాకేమీ చెప్పకుండా, గంట వైపు తిరిగి నడిచాడు. రాళ్లూ ముళ్లపొదలూ దాటుకుంటూ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ పోయాడు. ఒక్కసారి కూడా తడబడలేదు.

“సూడు పాపా, సూడు” అంది నల్లమ్మ. “ఇన్ని దినాలు నేను పట్టుకుని తిప్పినా. ఒక్క మాటన్నా సెప్పకుండా నన్ను ఇడ్సిపెట్టి ఎట్ల పోతాండాడో సూడు.” తిడుతూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే ఆ నవ్వు బుగ్గలు దాటి చెవుల దాకా పోయింది.

పొద్దు గుంకుతోందని, ఇంటికి పోదామని అన్నాను.

“ఉండు” అంది, ఆయన వదిలేసిన కట్టెను రెండు చేతులతో పట్టుకుని. “ఇంకా వినపడతాండాది.”